హెచ్.ఐ.వి. ఉన్నవారి గుండెను కూడా కాపాడుకుందాం
(రోగుల కుటుంబ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మీలో కొందరు భర్తను తీసుకొచ్చారు, కొందరు కోడలిని, కొందరు తమ్ముణ్ణి. ప్రతి నెలా సెలవు పెట్టుకుని, బస్సు ఛార్జీలు పెట్టుకుని ఏ.ఆర్.టి. మందుల కోసం వెంట వస్తున్నారు. మీరు ఓ.పి.లో నన్ను తరచుగా అడిగే మాట ఒకటుంది. "సిస్టర్, మందులు తప్పకుండా వేసుకుంటున్నారు. సి.డి.4 బాగుంది. వైరల్ లోడ్ కూడా కనిపించడం లేదన్నారు. ఇక భయం లేదు కదా?"

హెచ్.ఐ.వి. గురించి మునుపటి భయం నిజంగానే అక్కరలేదు. అయితే ఇప్పుడు ఇంకొకదాని మీద కన్ను వేసి ఉంచాలి. అది గుండె. ఈరోజు మీతో ఆ మాటే మాట్లాడతాను.

ఇప్పుడు గుండె మాట ఎందుకు?

మన దేశంలో ప్రభుత్వం ఏ.ఆర్.టి. మందులను ఉచితంగా ఇవ్వడం 2004 ఏప్రిల్ 1న మొదలైంది. అంతకుముందు ఆ మందులు కొనగలిగినవారు చాలా తక్కువ. క్షయ, ఆగని విరేచనాలు, మెదడుకు సోకే జబ్బులు మనుషుల్ని తీసుకుపోయేవి. గుండెజబ్బు వచ్చే వయసు దాకా బ్రతికితే కదా గుండె గురించి ఆలోచించేది!

మందులు వచ్చాక ఆ పరిస్థితి మారింది. అప్పుడు 30 ఏళ్ల వయసులో మందులు మొదలుపెట్టినవారు ఇప్పుడు 50 దాటారు. పిల్లల పెళ్లిళ్లు చేశారు, మనవల్ని ఎత్తుకుంటున్నారు. ఇది సంతోషించవలసిన విషయం. కాని బి.పి., షుగరు, గుండెపోటు, పక్షవాతం అందరికీ వచ్చే వయసు కూడా ఇదే.

దీనికి తోడు ఇంకొక సంగతి ఉంది. అనేక దేశాలలో జరిగిన పరిశోధనలన్నిటినీ కలిపి చూసి 2018లో ఒక లెక్క ప్రచురించారు. హెచ్.ఐ.వి. లేనివారితో పోలిస్తే ఉన్నవారికి గుండె, రక్తనాళాల జబ్బు వచ్చే ప్రమాదం సుమారు రెట్టింపు అని అందులో తేలింది. రెట్టింపు అనగానే బెంబేలు పడకండి. ఉదాహరణకు, హెచ్.ఐ.వి. లేని నూరుమందిలో ఐదుగురికి వచ్చేటట్లయితే, ఉన్న నూరుమందిలో పదిమందికి వస్తుందని అర్థం. మిగిలిన తొంభైమందికి రాదు. ఆ పదిమందిలో కూడా చాలామందికి రాకుండా ఆపవచ్చు. అందులో ఇంట్లో మీరు చేయవలసిన పని చాలా ఉంది.

లోపల ఏం జరుగుతుంది?

నివురుగప్పిన నిప్పు మీకు తెలుసు కదా. పైకి బూడిదే కనిపిస్తుంది, లోపల సెగ ఉంటుంది. మందులు వేసుకునేవారి ఒంట్లో హెచ్.ఐ.వి. అలాగే ఉంటుంది. రక్తపరీక్షలో వైరస్ కనిపించకపోయినా కొంచెం దాగి ఉంటుంది. దానితో పోరాడే రోగనిరోధక శక్తి పూర్తిగా విశ్రాంతి తీసుకోదు. ఆ సెగ ఏళ్ల తరబడి రక్తనాళాల లోపలి పొరకు తగులుతూ ఉంటుంది. ఆ పొర దెబ్బతిన్నచోట కొవ్వు పేరుకుంటుంది, దారి సన్నబడుతుంది. ఒకనాడు ఆ కొవ్వు గడ్డ పగిలి, దాని మీద రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. ఇది గుండె రక్తనాళంలో జరిగితే గుండెపోటు, మెదడు రక్తనాళంలో జరిగితే పక్షవాతం.

కొన్ని పాత మందుల వల్ల కూడా ఇబ్బంది ఉండేది. స్టావుడిన్ అనే మందు వాడినవారికి బుగ్గలు లోపలికి పోయి, కాళ్లు చేతులు సన్నబడి, పొట్ట పెరిగేది. మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. ఆ మందును మానివేసి చాలాకాలమైంది. రెండవ వరుస మందులలో లోపినావిర్ వంటి కొన్ని రక్తంలో కొవ్వును పెంచుతాయి. ఇప్పుడు ఎక్కువమందికి ఇస్తున్నది టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ మూడూ కలిసిన మాత్ర. రోజుకు ఒక్కటి. కొవ్వు విషయంలో ఇది ఆ పాత మందుల కంటే చాలా మేలు. అయితే ఇది వాడేవారిలో కొందరు బరువు పెరుగుతారు.

లావెక్కితే బాగుపడినట్లేనా?

ఈ సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. మన ఇళ్లలో హెచ్.ఐ.వి. అంటే చిక్కిపోవడం అనే గుర్తు మనసులో ముద్రపడిపోయింది. అందుకని మనిషి ఒళ్లు చేస్తే తల్లికి ప్రాణం లేచి వస్తుంది. "ఇంకో ముద్ద తినరా" అని నెయ్యి వేసి పెడుతుంది. గుడ్లు, పాలు, వేపుళ్లు ఆగవు. ఇరుగుపొరుగువారు కూడా మనిషి నిండుగా ఉంటే అనుమానపడరని ఇంకో ఆశ.

ఆ ప్రేమను నేను తప్పుపట్టను. ఒకప్పుడు ఆ ముద్దే ప్రాణం నిలబెట్టింది. క్షయతో ఉన్నవారికి, బాగా చిక్కినవారికి ఇప్పటికీ అలాగే పెట్టాలి. కాని కోలుకున్న మనిషికి పొట్ట పెరగడం ఆరోగ్యం కాదు. ఇంట్లో బట్టలు కుట్టే టేపు ఉంటే బొడ్డు దగ్గర కొలవండి. మనవాళ్లకు మగవారైతే 90 సెంటీమీటర్లు, ఆడవారైతే 80 సెంటీమీటర్లు దాటకూడదు. దాటితే అన్నం కొంచెం తగ్గించి, ఆకుకూర, పప్పు, కూరగాయలు పెంచండి. ఒక్కసారిగా కడుపు మాడ్చవద్దు.

మందులు ఆపితే గుండెకు మంచిదా?

కొందరు ఇలా ఆలోచిస్తారు: "మందుల వల్లనే కొవ్వు పెరుగుతుందట. కొన్నాళ్లు ఆపి, మళ్లీ వేసుకుంటే ఒంటికి విశ్రాంతి." ఇది చాలా ప్రమాదకరమైన ఆలోచన. ఇలా ఆలోచించినది మీరొక్కరే కాదు, వైద్యులు కూడా ఒకప్పుడు దీనిని పరీక్షించి చూశారు. 5,472 మందితో, 33 దేశాలలో స్మార్ట్ అనే పరిశోధన చేశారు. సగం మంది మందులు ఆపకుండా వేసుకున్నారు. మిగిలిన సగం మంది సి.డి.4 బాగున్నప్పుడు ఆపి, పడిపోయినప్పుడు మొదలుపెట్టారు. ఆపినవారిలో మరణాలు పెరిగాయి. మందుల భారం తగ్గితే గుండెకు మేలవుతుందని ఆశిస్తే, ఆపినవారికే గుండె జబ్బులు కూడా ఎక్కువ వచ్చాయి. అందువల్ల ఆ పరిశోధనను మధ్యలోనే ఆపి, 2006లో ఫలితాలు ప్రకటించారు.

కాబట్టి గుర్తుంచుకోండి. గుండెకు మొట్టమొదటి మందు ఏ.ఆర్.టి. మాత్రే. మాత్ర ఆగితే నివురు తొలగి నిప్పు మండుతుంది. ఊరికి వెళ్లినా, పెళ్లికి వెళ్లినా, ఆసుపత్రిలో చేరినా మాత్ర మానకూడదు.

ఇంట్లో మీరు చూడవలసినవి

పొగ: అన్నిటికంటే ముందు ఇది. బీడీ, సిగరెట్టు, చుట్ట, ఏదైనా ఒకటే. హెచ్.ఐ.వి. సెగకు పొగ తోడైతే నిప్పు మీద కిరసనాయిలు పోసినట్లే. ఉత్తరాంధ్రలో కొందరు పెద్దమ్మలు అడ్డపొగ కాలుస్తారు, కాలే కొన నోటి లోపల పెట్టుకుని. ఆడవారే కదా అని డాక్టరుగారు అడగకపోవచ్చు, మీరే చెప్పండి. ఖైనీ, గుట్కా కూడా గుండెకు మంచివి కావు. ఒక్కరోజులో మానలేరు. తిట్టి మాన్పించలేరు. ఇంట్లో ఇంకెవరైనా కాలుస్తుంటే ముందు వారు మానాలి. తండ్రి బీడీ వెలిగిస్తూ కొడుకును మానమంటే ఎవరు వింటారు?

ఉప్పు: రోజు మొత్తానికి మనిషికి ఒక చిన్న చెంచా, అంటే 5 గ్రాములు మించకూడదు. మనం కూరలో వేసేది ఒక్కటే లెక్క కాదు. ఆవకాయ, గోంగూర పచ్చడి, అప్పడాలు, వడియాలు, ఊరమిరపకాయలు, ఉప్పు చేప, బేకరీ సరుకు, అన్నీ లెక్కే. ఆవకాయ పూర్తిగా మానమని నేను అనను, అంటే మీరు ఈ పుస్తకం పక్కన పడేస్తారు. బద్ద పెట్టుకున్న పూట అప్పడం మానండి. మజ్జిగలో ఉప్పు మానండి.

నూనె: మనిషికి నెలకు అర కిలో సరిపోతుంది. నలుగురున్న ఇంట్లో ఐదు కిలోల డబ్బా నెలకే అయిపోతుంటే ఎక్కడో ఎక్కువ పోస్తున్నారని తెలుసుకోండి. ఒకసారి బజ్జీలు వేసిన నూనెను మళ్లీ మళ్లీ కాచి వాడవద్దు.

నడక: వారంలో ఐదు రోజులు, రోజుకు అరగంట చొప్పున, కొంచెం ఆయాసం వచ్చేటట్లు నడవాలి. ఒంటరిగా పంపించక మీలో ఒకరు తోడు వెళ్లండి. మనసులో బాధ చెప్పుకోవడానికి కూడా ఆ అరగంట పనికొస్తుంది. దిగులు, నిద్రలేమి కూడా గుండెకు బరువే.

సారా, బ్రాందీ: బి.పి. పెంచుతాయి. అంతకన్నా ముందు, తాగిన రాత్రి మాత్ర మరచిపోతారు.

పరీక్షలు: 30 ఏళ్లు దాటినవారికి ఆరోగ్య ఉపకేంద్రంలో బి.పి., షుగరు ఉచితంగా చూస్తారు. బి.పి. 140/90 లేదా అంతకంటే ఎక్కువ రెండు మూడుసార్లు వస్తే డాక్టరుగారికి చూపించండి. పరగడుపున షుగరు 100 దాటితే జాగ్రత్తపడాలి. 126 లేదా అంతకంటే ఎక్కువైతే షుగరు జబ్బేమో మరొకసారి పరీక్షించి నిర్ధారిస్తారు. రక్తంలో కొవ్వు పరీక్ష ఎంతకాలానికి ఒకసారి చేయించాలో డాక్టరుగారిని అడగండి. ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెపోటు వచ్చి ఉంటే అది కూడా తప్పక చెప్పండి.

గ్యాస్ అనుకోవద్దు

పోయిన సంవత్సరం 48 ఏళ్ల ఒకామెను తెల్లవారుజామున తీసుకొచ్చారు. చాలా ఏళ్లుగా మందులు క్రమంగా వాడుతున్న మనిషి. రాత్రి భోజనం చేశాక ఛాతీలో బరువు, ఒళ్లంతా చెమట, వాంతి వచ్చినట్లు ఉండడం మొదలైంది. గ్యాస్ అనుకుని సోడా తాగించారు. తగ్గలేదు. వాము నీళ్లు ఇచ్చారు. "హెచ్.ఐ.వి. మనిషి కదా, ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది" అనుకుని పడుకోబెట్టారు. ఈ.సి.జి. తీస్తే గుండెపోటు. ప్రాణం దక్కింది గాని, గుండె కండరం చాలా భాగం దెబ్బతిన్నది. ఇప్పుడు బిందెడు నీళ్లు ఎత్తలేదు. నొప్పి మొదలైన గంటలో వచ్చి ఉంటే ఆ కండరంలో చాలావరకు దక్కేది.

ఈ గుర్తులు ఇంట్లో అందరికీ తెలియాలి. ఛాతీ మధ్యలో బరువు, పిండినట్లు నొప్పి. ఆ నొప్పి ఎడమ చేతికి, దవడకు, మెడకు, వీపుకు పాకడం. చల్లని చెమట, ఆయాసం, కళ్లు తిరగడం, వాంతులు. ఆడవారికి, షుగరు ఉన్నవారికి నొప్పి లేకుండా ఆయాసం, నీరసం, పై కడుపులో మంట మాత్రమే రావచ్చు. ఇక మూతి వంకరపోవడం, ఒక చెయ్యి లేదా కాలు పడిపోవడం, మాట ముద్దగా రావడం, ఇవి పక్షవాతం గుర్తులు.

ఇలాంటిది కనిపిస్తే తెల్లవారే దాకా ఆగవద్దు. 108కి ఫోన్ చేయండి. నడిపించవద్దు, బండి వెనక కూర్చోబెట్టి తీసుకురావద్దు. కూర్చోబెట్టి, బట్టలు వదులు చేసి, ధైర్యం చెప్పండి.

మనిషి స్పృహ తప్పి ఊపిరి ఆడకపోతే ఛాతీ మధ్యలో రెండు చేతులతో గట్టిగా, వేగంగా నొక్కుతూ ఉండాలి. ఇక్కడ కొందరు వెనకాడతారు. ఛాతీ మీద నొక్కితే హెచ్.ఐ.వి. రాదు. చెమట తుడిస్తే రాదు. ఎత్తుకుని పడుకోబెడితే రాదు. ఆ భయంతో చేతులు కట్టుకుని నిలబడితే మనిషి దక్కడు.

రెండు కాగితాలు, ఒకే సంచి

ఇప్పుడు చెప్పబోయేది ఈరోజు అన్నిటికంటే ముఖ్యమైన మాట.

చాలామంది రెండు సంచులు పెట్టుకుంటారు. ఏ.ఆర్.టి. పుస్తకం ఒక సంచిలో, బి.పి., షుగరు, గుండె చీటీలు ఇంకో సంచిలో. ఇక్కడికి వస్తే ఆ సంచి ఇంట్లో ఉంటుంది, గుండె డాక్టరు దగ్గరకు వెళ్తే ఈ సంచి ఇంట్లో ఉంటుంది. ఎందుకో నాకు తెలుసు. ఎవరికైనా తెలిస్తే పరువు పోతుందని, మంచం ఇవ్వరని, చూపు మారుతుందని. అలాంటి అవమానం పడినవారు మీలో ఉన్నారు. భయం ఊరికే రాలేదు.

కాని దాచినందువల్ల ఏమవుతుందో వినండి. ఒక పెద్దాయనకు వేరే ఊరిలో గుండె రక్తనాళానికి స్టెంట్ వేశారు. కొడుకు హెచ్.ఐ.వి. సంగతి చెప్పలేదు. ఏ.ఆర్.టి. మాత్రలు ఇంట్లో బీరువాలో ఉండిపోయాయి. పది రోజులు మందు లేదు. గుండెను బాగుచేయడానికి వెళ్లి, గుండెకు కావలసిన మొదటి మందునే ఆపారు.

ఇంకో ప్రమాదం మందుకూ మందుకూ పడకపోవడం. రిటోనావిర్ కలిసిన ఏ.ఆర్.టి. వాడేవారికి కొవ్వు తగ్గించే సిమ్వాస్టాటిన్ ఇవ్వకూడదు. కండరాలు తీవ్రంగా దెబ్బతినవచ్చు. డోలుటెగ్రావిర్ వాడేవారికి షుగరు మందు మెట్‌ఫార్మిన్ మోతాదు చూసి ఇవ్వాలి, సాధారణంగా రోజుకు 1000 మిల్లీగ్రాములు దాటనివ్వరు. అంగడిలో కొనే గ్యాస్ బిళ్ళ, గ్యాస్ సీసా మందు కూడా డోలుటెగ్రావిర్‌ను ఒంటికి పట్టనివ్వవు. అవి తప్పనిసరైతే హెచ్.ఐ.వి. మాత్ర వేసుకున్న 2 గంటల తర్వాత వేసుకోవాలి. గ్యాస్ మందు ముందే వేసుకుని ఉంటే 6 గంటలు ఆగి మాత్ర వేసుకోవాలి. ఇవన్నీ డాక్టరుగారు చూసుకోగలరు. అయితే రెండు సంగతులూ ఆయనకు తెలియాలి కదా!

హెచ్.ఐ.వి. ఉందని వైద్యం నిరాకరించడం చట్టవిరుద్ధం. 2017లో చేసిన హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు 10 నుండి అమలులో ఉంది. రోగి అనుమతి లేకుండా ఆ సంగతి బయటపెట్టడాన్ని కూడా ఆ చట్టం నిషేధిస్తుంది. సందేహం ఉంటే 1097 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

ఊరందరికీ చెప్పమని నేను అనడం లేదు. బంధువులకు చెప్పాలా వద్దా అనేది ఆ మనిషి ఇష్టం, మీరు కూడా వారి అనుమతి లేకుండా చెప్పకూడదు. కాని మందు రాసే డాక్టరుకు తెలియాలి. ముందే ఇంట్లో కూర్చుని అడగండి: "నీకు మాట పడిపోయిన రోజున, నీ తరఫున డాక్టరుకు నేను చెప్పవచ్చా?" ఆ అనుమతి ఈరోజే తీసుకోండి. నొప్పి వచ్చిన రాత్రి అడగడానికి సమయం ఉండదు.

మీరు అడిగే ప్రశ్నలు

హెచ్.ఐ.వి. ఉన్నవారికి స్టెంట్, బైపాస్ ఆపరేషన్ చేయవచ్చా?
చేయవచ్చు. మందులు సరిగ్గా వాడుతూ వైరస్ అదుపులో ఉన్నవారికి మిగతావారికి చేసినట్లే చేస్తారు.

కొవ్వు తగ్గించే మాత్ర ముందు నుంచే వేసుకుంటే మంచిదా?
రిప్రైవ్ అనే పరిశోధనలో 40 నుండి 75 ఏళ్ల మధ్య వయసున్న 7,769 మంది హెచ్.ఐ.వి. ఉన్నవారు పాల్గొన్నారు. 12 దేశాలలో జరిగింది, మన దేశం వారు కూడా ఉన్నారు. అందరూ ఏ.ఆర్.టి. వాడుతున్నవారే, గుండెజబ్బు ప్రమాదం తక్కువ లేక ఒక మోస్తరుగా ఉన్నవారే. సగం మందికి పిటావాస్టాటిన్ అనే మాత్ర రోజూ ఇచ్చారు. వారిలో గుండెపోటు, పక్షవాతం వంటివి 35 శాతం తగ్గాయని 2023లో ప్రకటించారు. కాబట్టి 40 దాటినవారి విషయంలో డాక్టరుగారిని అడగండి. మీ అంతట మీరు కొని వేయవద్దు. గర్భిణులకు ఈ మాత్రలు సాధారణంగా ఇవ్వరు. షుగరు, కాలేయం కూడా చూసి ఇవ్వాలి.

బి.పి. తగ్గాక మాత్ర ఆపవచ్చా?
మాత్ర వేసుకోవడం వల్లనే తగ్గింది. డాక్టరు చెప్పకుండా ఆపవద్దు.

ఇన్ని మాత్రలు ఒంటికి వేడి చేయవా?
ఈ మాట మన ఇళ్లలో ఎక్కువగా వింటాను. మాత్రలు ఎక్కువైతే ఏవి తగ్గించవచ్చో అడగండి. మీరే ఏరి పారేయకండి.

ఈ నెలలోనే చేయండి

1. బి.పి., షుగరు చూపించి, అంకెలు ఏ.ఆర్.టి. పుస్తకంలోనే రాయించండి.
2. వేసుకునే మందులన్నీ, గ్యాస్ బిళ్ళతో సహా, ఒకే కాగితం మీద రాయించండి.
3. రెండు సంచులలోని కాగితాలు ఒకే సంచిలో పెట్టండి. అది ఎక్కడుందో ఇంట్లో ఒక్కరికైనా తెలియాలి.
4. నడుము చుట్టుకొలత కొలవండి.
5. పొగ తాగేవారు ఉంటే మానే రోజు ఒకటి నిర్ణయించండి, ఇంట్లో అందరికీ కలిపి.
6. డాక్టరుతో మాట్లాడడానికి రోగి అనుమతి తీసుకోండి.

మీరు ఇన్నేళ్లూ మాత్ర గుర్తుచేసి, అన్నం పెట్టి, అవమానాలు ఓర్చుకుని ఈ మనుషుల్ని నిలబెట్టుకున్నారు. ఆ కష్టం ఒక రాత్రి గ్యాస్ అనుకోవడంతో వృథా కాకూడదు. వచ్చే నెల మందులకు వచ్చినప్పుడు ఆ ఒక్క సంచి తెచ్చి నాకు చూపించండి. కాగితాలు కలిసి చూద్దాం.

సెలవు.